సీలు చెక్కు చెదరలేదు, బండి మాత్రం 90లో పోతోంది

ప్రైవేటు ట్రావెల్స్ బస్సుల మెయింటెనెన్సు చూడడం నా పని. ఇరవై ఏళ్ళ పైచిలుకు గ్యారేజీల్లోనే గడిపాను. ఇప్పుడు మూడు నాలుగు సంస్థలకి నెలకోసారి వెళ్ళి బళ్ళు చూసి వస్తుంటాను. ఇక్కడ రాస్తున్న కేసులో సంస్థ పేరు, బళ్ళ సంఖ్య, మనుషుల్ని పోల్చుకోగల వివరాలు మార్చేశాను. దారి, లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఇందులో ఒక తప్పు నాది కూడా. అది వచ్చిన చోట చెబుతాను.

నేపథ్యం

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి రాత్రిపూట నడిచే 12 మీటర్ల స్లీపర్ బస్సులు. మొత్తం తొమ్మిది. మియాపూర్‌లో మొదలై, ఊరంతా పికప్‌లు చేసుకుంటూ ఆరాంఘర్ దాటి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా పోతాయి. ట్రిప్పు 575 కిలోమీటర్లు. బండికి ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనర్.

స్పీడు గవర్నర్, అంటే బండి ఒక స్పీడు దాటకుండా పట్టి ఆపే పరికరం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 118వ నియమం ప్రకారం 2015 అక్టోబర్ 1 తర్వాత తయారైన రవాణా వాహనాలకి, కొన్ని మినహాయింపులు పోను, గవర్నర్ బిగించే అమ్మాలి. బస్సులకి గరిష్ఠంగా 80. స్కూలు బస్సులకి, ట్యాంకర్లకి, డంపర్లకి 60. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో డీజిల్ లైనుకి ఒక వాల్వు పెట్టి, స్పీడు దగ్గర పడగానే డీజిల్ తగ్గించేవాళ్ళు. ఎలక్ట్రానిక్ ఇంజన్లు వచ్చాక యాక్సిలరేటర్ పెడల్‌కీ ఇంజన్ కంప్యూటర్‌కీ మధ్య ఒక డబ్బా కూర్చుంది. డ్రైవర్ పెడల్ పూర్తిగా తొక్కినా ఆ డబ్బా ఇంజన్‌కి సగమే తొక్కాడని చెబుతుంది. కొన్ని మోడళ్ళలో ఆ పని ఇంజన్ కంప్యూటరే చేసుకుంటుంది. మన కేసులోది డబ్బా రకం.

బండి ఎంత స్పీడులో పోతోందో ఆ డబ్బాకి ఎలా తెలుస్తుంది? గేర్‌బాక్స్ వెనక, ఇంజన్ శక్తిని వెనక చక్రాలకి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చోట ఒక సెన్సర్ ఉంటుంది. షాఫ్ట్ తిరిగినప్పుడల్లా అది కొన్ని పల్సులు పంపుతుంది. కిలోమీటరుకి ఇన్ని పల్సులు అని డబ్బాలో ముందే ఒక అంకె వేసి పెడతారు. ఆ అంకెని నమ్ముకుని అది లెక్క కడుతుంది. దానికి రోడ్డు కనపడదు, చక్రం కనపడదు. స్పీడోమీటర్ కూడా అదే పల్సుల మీద బతుకుతుంది.

వచ్చిన సమస్య

నాలుగో నంబరు బండిలో ప్రయాణించిన ఒకాయన పొద్దున్నే ఆఫీసుకి ఫోటో పంపారు. ఆయన ఫోనులో జీపీఎస్ స్పీడు 91. కింద ఒకే ఒక లైను: "మీ బస్సులో పిల్లలతో పడుకున్నాం."

ఓనర్ నాకు ఫోను చేశారు. ఆయన అడిగిన మాట న్యాయమైనదే. (ఎఫ్‌సీ అంటే బండికిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్.) "సార్, ఎఫ్‌సీ మొన్ననే అయింది. గవర్నర్ సీలు అట్లనే ఉంది. డబ్బాకి సర్టిఫికెట్ ఉంది. మరి 91 ఎట్ల పోతది?" వెంటనే జవాబు కూడా ఆయనే చెప్పేశారు: డ్రైవర్లు ఏదో చేశారు.

డ్రైవర్లు ఒట్టేశారు. మీటర్‌లో 80 దాటితే చూపించమన్నారు. నేను ఆ మాట నమ్మలేదు. గవర్నర్‌ని ఎఫ్‌సీకి ముందు బిగించి, ఎంవీఐ, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, చూసి సంతకం పెట్టాక పీకేసే బళ్ళు ఈ లైన్లో ఎన్ని చూశానో లెక్కలేదు. ఇదీ ఆ బాపతే అనుకున్నాను.

"పది కిలోమీటర్లేగా సార్ ఎక్కువ" అని మేనేజర్ పక్కనుంచి అన్నాడు. అతనికి కాగితం మీద వేసి చూపించాను. పొడి రోడ్డు, డ్రైవర్ తేరుకుని బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను, బ్రేకులు బాగున్నాయనే అనుకుందాం. 80లో వచ్చే బస్సు ఆగడానికి సుమారు 83 మీటర్లు కావాలి. 90లో వచ్చేదానికి 100. తేడా 17 మీటర్లే, బస్సున్నర పొడవు. కానీ అదే లెక్కని ఇంకోలా చూడాలి. 80లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట 90లో వచ్చిన బండి ఇంకా 47 కిలోమీటర్ల స్పీడులో ఉంటుంది. ముందు రోడ్డు మీద లారీ ఆగి ఉంటే, మొదటి బండి దాన్ని తాకకుండా ఆగుతుంది. రెండోది 47లో గుద్దుతుంది. మేనేజర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదట చేసినవి

ముందుగా అనుమానం ఉన్న చోటే వెతికాం. సీలు భూతద్దం పెట్టి చూశాం. పెడల్ నుంచి డబ్బాకి, డబ్బా నుంచి కంప్యూటర్‌కి వచ్చే వైర్లు టేపు విప్పి చూశాం. ఎక్కడా అతుకు లేదు. సెన్సర్ విప్పి తుడిచి బిగించాం. డబ్బా అమ్మిన ఏజెన్సీ మనిషి వచ్చి, లోపలేదో పోయిందని కొత్తది పెట్టాడు. పాత డబ్బాలోని సెట్టింగులన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని కొత్తదాంట్లో దించాడు. ఇది గుర్తుపెట్టుకోండి. మర్నాడు రాత్రి మళ్ళీ 90.

ఈలోగా ఓనర్ తన పద్ధతి తాను మొదలుపెట్టారు. బండిలోని జీపీఎస్ ట్రాకర్‌లో 85 దాటినట్టు అలర్ట్ వస్తే డ్రైవర్ బత్తాలో ఐదు వందలు కోత. నేను అడ్డుచెప్పలేదు. చెప్పాల్సింది. వారం తిరక్కుండా అలర్ట్‌లు సగానికి పడిపోయాయి. ఓనర్ సంతోషంగా ఆ లిస్టు పంపారు. చూస్తే అలర్ట్‌లతో పాటు అసలు డేటానే తగ్గిపోయింది. రోజూ కర్నూలు దాటాక ట్రాకర్ చచ్చిపోతోంది, అనంతపురం దగ్గర మళ్ళీ బతుకుతోంది. ఫ్యూజు పీకి పెడుతున్నారు. తమ తప్పు లేకుండా జీతం పోతుంటే ఎవరైనా అదే చేస్తారని నాకు తర్వాత అర్థమైంది. అప్పటికి మాత్రం డ్రైవర్లు దొంగలన్న నా నమ్మకం ఇంకా గట్టిపడింది. కోత పెట్టి మేం సాధించింది ఇదే: ఉన్న ఒక్క సాక్ష్యం పోగొట్టుకున్నాం.

కోత ఆపించి, ట్రాకర్ ఫ్యూజుల్ని తాళం ఉన్న పెట్టెలోకి మార్పించి, రెండు వారాలు ఊరికే డేటా పోగేశాం.

గ్రాఫు చెప్పిన సంగతి

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఈ ముక్కలోనే ఉంది.

అప్పటిదాకా నేను అలర్ట్‌ల లిస్టు మాత్రమే చూస్తున్నాను. ఎన్నిసార్లు దాటింది, గరిష్ఠం ఎంత, అంతే. ఈసారి ట్రిప్పు మొత్తం స్పీడు గీతని కాగితం మీద ప్రింటు తీయించి టేబుల్ మీద పరిచాను. నాలుగో బండి గీత జడ్చర్ల దాటాక పైకి లేచి, 90 దగ్గర గోడ మీద గీసినట్టు అడ్డంగా పోతోంది. ఇరవై నిమిషాలు, అరగంట, ఒక్క కిలోమీటరు అటూ ఇటూ కాకుండా. టోల్ గేటు దగ్గర పడిపోతుంది, మళ్ళీ లేచి అదే గోడ పట్టుకుంటుంది.

మనిషి కాలు అలా నడపలేదు. గవర్నర్ లేని బండి గీత కొండల వరసలా ఉంటుంది: 94, 101, 88, 97. గీత పైభాగం బల్లపరుపుగా ఉందంటే ఎవరో పట్టి ఆపుతున్నారు. అంటే గవర్నర్ పనిచేస్తోంది, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. 90ని 80 అనుకుంటోంది, అంతే తేడా. డ్రైవర్లు చెప్పింది నిజం.

ఇంకో రెండు సంగతులు కూడా ఆ గీతల్లోనే కనిపించాయి. మిగతా బళ్ళలో నాలుగింటిది ఇదే వరస, తలా 88 నుంచి 91 మధ్యలో గోడ. ఇక అన్ని బళ్ళలోనూ అక్కడక్కడా ఆ గోడ మీంచి సన్నగా ముళ్ళలా పైకి పొడుచుకొచ్చినవి ఉన్నాయి, 97, 102. నిమిషం, నిమిషంన్నర కంటే ఎక్కువ ఉండవు. ముళ్ళ సంగతి పక్కన పెట్టి ముందు గోడ సంగతి చూశాం. రెండింటినీ కలిపి ఒకే "ఓవర్‌స్పీడ్" ఖాతాలో వేసినందుకే ఇన్నాళ్ళూ ఏమీ తేలలేదు.

ట్రాకర్‌నీ గుడ్డిగా నమ్మకూడదు కదా. ఒక ఆదివారం ఖాళీ బండి తీసుకుని షాద్‌నగర్ దాటాక కిలోమీటరు రాళ్ళు సరిగ్గా ఉన్న చోట నడిపించాం. డ్రైవర్ పెడల్ అడుగంటా తొక్కి పెట్టాడు, మీటర్ 80 మీద నిలబడింది. నేను స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. 80లో ఐదు కిలోమీటర్లకి 225 సెకన్లు పట్టాలి. 199 పట్టింది. అంటే 90 మీద ఇంకో అర కిలోమీటరు. ఫోను, ట్రాకర్, రాళ్ళు ఒకే మాట చెబుతున్నాయి. గవర్నర్, మీటర్ కలిసి ఇంకో మాట చెబుతున్నాయి. ఆ రెండూ వినేది ఒకే సెన్సర్ మాట కాబట్టి అవి ఒకదానికొకటి సాక్ష్యం కావు.

పల్సులకీ రోడ్డుకీ మధ్య ఉన్నవి రెండే: హౌసింగ్‌లో (వెనక ఇరుసు పెట్టెలో) క్రౌన్ పినియన్, అంటే షాఫ్ట్ తిరుగుడుని చక్రాలకి మళ్ళించే పళ్ళ చక్రాల జత; బయట టైరు. బండిని సమంగా ఉన్న చోట నిలబెట్టి టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాం. చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేలా నలుగురు నెట్టారు, కింద ఒకడు పడుకుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాడు. ఐదు పైన రావాలి. నాలుగున్నర దాటి కొంచెం వచ్చింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది.

ఏడాది కిందట ఇదే గ్యారేజీలో కొన్ని బళ్ళకి హౌసింగ్ శబ్దం వస్తుంటే, క్రౌన్ పినియన్ ఎలాగూ మార్చాలి కాబట్టి కొంచెం పొడుగు రేషియో వేయమని ఓనర్‌కి సలహా ఇచ్చింది నేనే. మొదట ఉన్నది 41 పళ్ళ క్రౌన్‌కి 8 పళ్ళ పినియన్, అంటే 5.125. దాని బదులు 37కి 8 వేశాం, 4.625. దారంతా నాలుగు లైన్ల రోడ్డు, పెద్ద ఘాట్ లేదు. ఇంజన్ తక్కువ చుట్లలో పోతుంది, డీజిల్ మిగులుతుంది. సలహా తప్పు కాదు. డీజిల్ మిగిలింది కూడా. కానీ అదే షాఫ్ట్ చుట్లకి చక్రం ఇప్పుడు దాదాపు 11 శాతం ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి డబ్బాకి చెప్పమని నేను జాబ్ కార్డులో రాయలేదు. డబ్బా అనుకునే 80 అసలు 88.6 అయి కూర్చుంది.

మిగతా రెండు శాతం టైర్లది. మొదట డబ్బా సెట్ చేసిన రోజు టైర్లు బాగా అరిగిపోయి ఉన్నాయి. కొత్త టైరు ఒక్క చుట్టుకి అరిగినదాని కన్నా ఆరేడు సెంటీమీటర్లు ఎక్కువ పోతుంది. 88.6 మీద ఆ రెండు శాతం వేస్తే 90 దాటింది. ఏజెన్సీ మనిషి కొత్త డబ్బా పెట్టినా ఎందుకు మారలేదో కూడా తేలిపోయింది. పాత అంకెనే భద్రంగా మోసుకొచ్చి కొత్తదాంట్లో పెట్టాడు.

ఇంకా సిగ్గుపడాల్సింది తర్వాత బయటపడింది. ఆఫీసులో ట్రిప్‌షీట్లు రాసే కుర్రాడిని పిలిచి, ఆ బండి మీటర్ ప్రకారం ట్రిప్పుకి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయని అడిగాను. "510 దాకా వస్తాయి సార్. మీటర్ పాడైంది కదా, అందుకే నేనే 575 వేసేస్తున్నా" అన్నాడు. ఎప్పటి నుంచి? హౌసింగ్ పని అయిన వారం నుంచి. ఎవరికైనా చెప్పావా? "మెకానిక్‌కి చెప్పా సార్. బండి నడుస్తోంది కదా అన్నాడు."

575ని 510తో భాగిస్తే 1.127. మేం స్టాప్‌వాచ్‌తో, సుద్దముక్కతో పట్టుకున్న తేడా ఏడాదిగా అతని పుస్తకంలో ఉంది. చెరిపి రాస్తున్నాడు కాబట్టి కనపడలేదు.

తీసుకోని దగ్గరి దారి

ఏజెన్సీ వాళ్ళు ఒక తేలిక మార్గం చెప్పారు. అంకె జోలికి పోకుండా డబ్బా లిమిట్ 70 పెట్టేద్దాం, అసలు స్పీడు 79 అవుతుంది, పని అయిపోతుంది. లెక్కకి సరిపోతుంది. ఓనర్ కూడా మొగ్గారు, ఎందుకంటే మీటర్, డబ్బా రెండూ మళ్ళీ సెట్ చేసి సీలు వేయించి సర్టిఫికెట్ తీసుకోవాలంటే బండి ఒకరోజు ఆగాలి.

నేను వద్దన్నాను. డ్రైవర్‌కి కనపడేది మీటర్. అది 70 దగ్గర బండి బిగుసుకుపోతే, చట్టం 80 ఇస్తే ఓనర్ 70కి కట్టేశాడని అనుకుంటాడు. ఆ కోపంతో మొదటి రాత్రే వైరు కోస్తాడు. పైగా తక్కువ చూపించే మీటర్‌తో ఊళ్ళ దగ్గర అతను 40 అనుకుని 45లో పోతుంటాడు. ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చితే, రేపు టైర్లు మార్చినప్పుడు ఎక్కడ ఎంత కలపాలో ఎవరికీ తెలియదు.

ఐదు బళ్ళకీ అంకె సరిగ్గా కట్టి, మీటర్‌లోనూ డబ్బాలోనూ మార్పించి, మళ్ళీ కిలోమీటరు రాళ్ళ దగ్గర చూసుకుని సీలు వేయించాం. 226 సెకన్లు వచ్చింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

అవలేదు

పది రోజుల్లో బెంగళూరు ఆఫీసు నుంచి గోల మొదలైంది. బళ్ళు గంట లేటు. ప్రయాణికులు తిట్టుకుంటున్నారు. మూడో వారానికి ఆరో నంబరు బండి గీతలో గోడ మాయమైంది, కొండల వరస వచ్చింది. 103, 96, 106. ఈసారి నిజంగానే బైపాస్. ఫ్యూజు బాక్సు వెనకాల, చెయ్యి దూరే సందులో ఒక చిన్న స్విచ్ దొరికింది. ఒక నొక్కుతో పెడల్ వైరు డబ్బాని తప్పించుకుని నేరుగా కంప్యూటర్‌కి పోతుంది. పనితనం మాత్రం మెచ్చుకోవాలి, ఎక్కడా సీలు తెగలేదు.

ఓనర్ ఆ డ్రైవర్‌ని తీసేస్తానన్నారు. నేను ఒక రాత్రి ఆగమని, అదే బండిలో క్యాబిన్‌లో కూర్చుని బెంగళూరు వెళ్ళాను. ఈ పని ముందే చేయాల్సింది.

బండి మియాపూర్‌లో తొమ్మిదికి కదలాలి. తొమ్మిదీ పన్నెండుకి కదిలింది. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, లక్డీకాపూల్, మెహిదీపట్నం, మధ్యలో చిన్నా చితకా కలిపి పన్నెండు పికప్‌లు. ప్రతి చోటా ఎవరో ఒకరు "అన్నా, రెండు నిమిషాలు, ఆటోలో ఉన్నా" అంటారు. ఆఫీసు నుంచి ఫోను: ఆగండి. ఆరాంఘర్ దాటేసరికి పదకొండూ ఇరవై. టికెట్ మీద పదీ ముప్పావు అని ఉంటుంది. ఊళ్ళోనే ముప్పై అయిదు నిమిషాలు పోయాయి, ఒక్క నిమిషం కూడా డ్రైవర్ వల్ల కాదు. జడ్చర్ల అవతల దాబాలో ఇరవై నిమిషాల ఆపు ముప్పావు గంట అయింది. అక్కడ భోజనం డ్రైవర్లకి ఉచితం, బండి ఎంతసేపు ఆగితే దాబాకి అంత బేరం.

స్టీరింగ్ మీద ఉన్న పెద్దాయనకి యాభై దాటి ఉంటాయి. పాలెం దగ్గరకి వచ్చేసరికి స్పీడు తగ్గించి, తనంతట తానే చెప్పాడు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున ఇక్కడే వోల్వో బస్సు కల్వర్టుకి తగిలి కాలిపోయి 45 మంది పోయారు. ఆ రోజు వెనకాల బండిలో తానున్నానన్నాడు. అలాంటి మనిషి క్యాబిన్‌లో స్విచ్ ఎందుకుందని అడిగాను.

"సార్, బండి 80లో పోతది, నాకేం ఇబ్బంది లేదు. ఆఫీసు ఫోను మాత్రం 100లో వస్తది. అర్ధరాత్రి రెండింటికి చేసి ఎక్కడున్నవ్, ఎందుకు లేటు అంటరు. లేటయితే పాసింజర్ నన్ను తిడతడు, ఓనర్ నన్ను తిడతడు. మియాపూర్ల ఆగమన్నోడిని ఎవ్వడు తిట్టడు."

ఒక కాగితం తీసి లెక్క వేశాను. 575లో బండి అడ్డు లేకుండా పరిగెత్తే దూరం 380 దాకా ఉంటుంది. అది 90లో అయితే నాలుగు గంటల పదమూడు నిమిషాలు, 80లో అయితే నాలుగూ ముప్పావు. తేడా అరగంట. ఈ టైము టేబుల్‌ని ఏడాదిగా బళ్ళు పొరపాటున 90లో నడిచినప్పటి అనుభవంతో సవరించుకుంటూ వచ్చారు. ఇప్పుడు మేం ఆ అరగంట లాక్కున్నాం, ఎవరికీ చెప్పలేదు. అరగంట లేటు బెంగళూరు మొదట్లో వచ్చే హెబ్బాళ దగ్గర గంట అవుతుంది, ఎందుకంటే పొద్దెక్కిన కొద్దీ అక్కడ బండి కదలదు.

పనిచేసినవి

ఓనర్‌తో గవర్నర్ గురించి మాట్లాడడం మానేసి పికప్‌ల గురించి మాట్లాడాను. పన్నెండు పికప్‌లు ఏడు చేశారు, మిగతా చోట్ల వాళ్ళని ఒక చిన్న వ్యాను తీసుకొచ్చి కలుపుతుంది. ఆగే టైము మూడు నిమిషాలు, తర్వాత కదలాల్సిందే. డ్రైవర్‌కి కాదు, ఆఫీసుకి ఆ నియమం. దాబా మార్చారు. బెంగళూరు చేరే టైము టికెట్ మీద ఇరవై నిమిషాలు ఆలస్యంగా వేశారు. దీనికే ఓనర్ అన్నిటికన్నా ఎక్కువ గింజుకున్నారు. పోటీ ట్రావెల్స్ వాళ్ళ యాప్‌లో ముందు చేరుతుందని కనిపిస్తే బుకింగ్ పోతుందని ఆయన భయం. రెండు నెలలు చూద్దామని ఒప్పించాను. బుకింగ్‌లు కొంచెం తగ్గి మళ్ళీ సర్దుకున్నాయి. రాత్రి రెండింటి ఫోన్లు ఆగాయి. లేటు గురించి మాట్లాడాలంటే ముందు ఆరాంఘర్ దాటిన టైము చూడాలన్నారు.

స్విచ్ పెట్టిన పెద్దాయన ఉద్యోగం నిలబడింది. మిగతా బళ్ళలో ఇంకెక్కడ స్విచ్‌లున్నాయో ఆయనే చూపించాడు. మరో రెండు దొరికాయి. మేం గీతలు చూసి పట్టుకున్నది ఒక్కటే.

ఇక ఆ ముళ్ళ సంగతి. అవి బెంగళూరు నుంచి తిరిగొచ్చే ట్రిప్పులోనే ఎక్కువ. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు, అనంతపురం 350 లోపే. వచ్చేటప్పుడు దారి దిగుతూ వస్తుంది. గవర్నర్ డీజిల్ తగ్గించగలదు కానీ బ్రేకు వేయలేదు. దిగుడులో న్యూట్రల్ కొడితే దాని చేతిలో ఏమీ ఉండదు. క్లచ్ తొక్కి గేరు తీసేస్తే పదహారు టన్నుల బండి తన బరువుతో తానే 100 దాటుతుంది. ఇంజన్‌తోనే బండిని నిదానింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు కూడా అప్పుడు పట్టదు.

ఎందుకు న్యూట్రల్? డీజిల్ బోనస్ కోసం. లీటరుకి ఇన్ని కిలోమీటర్లు దాటితే డ్రైవర్‌కి డబ్బులిచ్చే పథకం ఓనర్‌దే. పాత ఇంజన్ల మీద నేర్చుకున్న చేతులవి. ఎలక్ట్రానిక్ ఇంజన్‌లో గేరులో ఉండి పెడల్ వదిలేస్తే దిగుడులో డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. ఇది నోటితో చెబితే ఒక్కరూ నమ్మలేదు. స్కానర్ తగిలించి, దిగుడులో రెండు రకాలుగా నడిపించి, డీజిల్ అంకె సున్నా అవడం కళ్ళతో చూపించాక కొందరు నమ్మారు. బోనస్‌కి ఇంకో షరతు చేర్చాం: ట్రిప్పులో 85 పైన ముళ్ళు ఉంటే ఆ ట్రిప్పు లెక్కలోకి రాదు. ముళ్ళు బాగా తగ్గాయి కానీ పోలేదు. ఇద్దరు డ్రైవర్లు ఇప్పటికీ కొడతారు. చేతి అలవాటు.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఏ గ్యారేజీకి వెళ్ళినా సీలు చివర చూస్తాను. ముందు ఒక ట్రిప్పు గీత అడుగుతాను. గోడ సరైన ఎత్తులో ఉంటే డబ్బా, అంకె రెండూ బాగున్నట్టు. తప్పు ఎత్తులో గోడ ఉంటే మెకానిక్‌ని, కొండలుంటే డ్రైవర్‌ని, ముళ్ళుంటే బోనస్ రాసిన కాగితాన్ని చూడాలి. క్రౌన్ పినియన్, టైరు సైజు, గేర్‌బాక్స్ వీటిలో ఏది మారినా జాబ్ కార్డు మీద "గవర్నర్ అంకె సరిచూశారా" అని అచ్చు వేయించిన గడి ఉంటుంది. అది నింపకపోతే బండి గేటు దాటదు. డబ్బా సెట్ చేసేది కొత్త టైర్ల మీదే. టైరు అరిగిన కొద్దీ అసలు స్పీడు డబ్బా అనుకున్నదాని కన్నా తగ్గుతుంది, పెరగదు. తప్పు ఎటూ జరుగుతుంది కాబట్టి మంచి వైపుకి జరిగేలా చూసుకోవడం.

ట్రిప్‌షీట్‌లో ఇప్పుడు రెండు గళ్ళున్నాయి, ఒకటి మీటర్‌ది, ఒకటి ట్రాకర్‌ది. దిద్దడం నిషేధం. పోయిన నెల ఆ కుర్రాడే ఫోను చేశాడు.

"సార్, మూడో బండి మీటర్ 586 చూపిస్తోంది. ట్రాకర్ 575 అంటోంది. ఈసారి దిద్దలేదు సార్, రెండూ అట్లనే రాసిన."

టైర్లు ఎప్పుడు మార్చారో చూడమన్నాను. పుస్తకం తిరగేసి, ఈ నెలాఖరుకి మార్చాలని రాసుంది సార్ అన్నాడు.